తాళం వేసిన పుస్తకం

"పైసలు కట్టినంక పుస్తకం మనది గాదా సార్?"

పాతబస్తీలో నేను తెలుగు చెప్పే కాలేజీలో వొక విద్యార్థి నిరుడు యీ ప్రశ్న వేశాడు. అతనికి చూపు లేదు. షాలిబండ నుంచి రోజూ తమ్ముడి చెయ్యి పట్టుకొని వస్తాడు. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఉపకరణం అతని సెల్‌ఫోనులో వున్నది. తెలుగును కూడా తప్పొప్పులతో చదువుతుంది. దాని సాయంతో అతను తోటివాళ్ళకంటే యెక్కువే చదువుతాడు. విమర్శ పాఠానికి కావలసిన వొక గ్రంథం అచ్చులో దొరక్కపోతే నేను దాన్ని ఈ-పుస్తకంగా కొన్నాను. అది ఫోనులో చక్కగా తెరుచుకున్నది. కాని చదివే ఉపకరణానికి మాత్రం లొంగలేదు. అక్షరాలు కనిపిస్తాయి, వినిపించవు. అమ్మిన దుకాణానికి రాస్తే, అది ప్రచురణకర్త పెట్టిన షరతు అని జవాబు వచ్చింది. ఆ సంగతి చెప్పినప్పుడు అతను అడిగిన ప్రశ్న అది. తరగతిలో నేను సూటిగా సమాధానం చెప్పలేకపోయాను. ఆ సమాధానాన్ని వెతుక్కునే ప్రయత్నమే యీ వ్యాసం.

ముందు మనకు తెలిసిన పుస్తకం సంగతి చూద్దాం. అచ్చుపుస్తకం కొన్నప్పుడు మన చేతిలో నిజానికి రెండు విషయాలు వుంటాయి. వొకటి రచన. అది రచయితది, దాన్ని తిరిగి అచ్చువేసి అమ్ముకునే హక్కు మనకు లేదు. రెండవది ప్రతి. కాగితం, సిరా, అట్ట కలిసిన ఆ వస్తువు పూర్తిగా మనది. దాని అంచుల్లో రాసుకోవచ్చు, స్నేహితుడికి ఇవ్వవచ్చు, పిల్లలకు వదిలిపోవచ్చు, అక్కర తీరితే ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద ఆదివారంనాడు పాతపుస్తకాలు పరిచేవాడికి అమ్మవచ్చు. మన కాపీరైటు చట్టం కూడా యీ తేడాను గుర్తించింది. ప్రతులను ప్రజల్లోకి విడుదలచేసే హక్కును రచయితకు ఇస్తూనే, అప్పటికే చలామణిలోకి వచ్చిన ప్రతులకు ఆ హక్కు వర్తించదని నేటి రూపంలోని 14వ సెక్షను చెబుతున్నది. గ్రంథాలయమనే వ్యవస్థ అంతా యీ చిన్న మాటమీదనే నిలబడింది. నయాపూల్ దాటితే కనిపించే అఫ్జల్‌గంజ్ గ్రంథాలయం వొక ప్రతి కొని వెయ్యిమంది చేత చదివించినా మళ్ళీ యెవరి అనుమతీ అడగనక్కరలేదు.

తాళం వేసిన ఈ-పుస్తకంలో యీ రెండవ విషయం, అనగా ప్రతి, మాయమయింది. మనం డబ్బు కట్టగానే కంపెనీ వొక ఫైలు పంపుతుంది. అందులోని అక్షరాలన్నీ గూఢలిపిలోకి మార్చి వుంటాయి. వాటిని విప్పే తాళంచెవి కూడా వస్తుంది గాని మన చేతికి రాదు. మన ఖాతాకూ మన యంత్రానికీ ముడిపెట్టిన ఆ చెవి కంపెనీ ప్రోగ్రాములోనే దాగి వుంటుంది. పుస్తకాన్ని యెన్ని యంత్రాలమీద తెరవనివ్వాలి, యెన్ని పేజీలు అచ్చు తీసుకోనివ్వాలి, పైకి చదివించనివ్వాలా వద్దా, యెన్నాళ్ళు వుంచాలి, అన్నీ ఆ ప్రోగ్రామే నిర్ణయిస్తుంది. దీనికి డిజిటల్ రైట్స్ మేనేజ్‌మెంట్ అని పేరు. హక్కుల నిర్వహణ అని అర్థం. యెవరి హక్కులను యెవరు నిర్వహిస్తున్నారని అడిగితే ఆ పేరులోని పెద్దమనిషితనం తొలగిపోతుంది. మనం చదవకుండానే 'అంగీకరిస్తున్నాను' అని నొక్కే వొప్పందంలో కంపెనీలు యీ సంగతిని దాచుకోవడం కూడా లేదు. తాము అమ్మినది పుస్తకం కాదనీ, చదువుకోవడానికి వొక అనుమతి మాత్రమేననీ అందులో రాసి వుంటుంది.

ఇదంతా మాటల తేడా అని యెవరికైనా అనిపించవచ్చు. 2009 జూలైలో అమెజాన్ కంపెనీ తన కిండిల్ యంత్రాలనుంచి కొన్ని పుస్తకాలను పాఠకులకు చెప్పకుండానే తుడిచివేసింది. వాటిని తన దుకాణంలో పెట్టినవారికి ఆ హక్కు లేదని తెలిసిందట. డబ్బు తిరిగి ఇచ్చింది, తరువాత క్షమాపణ కూడా చెప్పుకున్నది. ఆ పుస్తకాలు జార్జి ఆర్వెల్ రాసినవి. అందులో వొకటి, పాత కాగితాలను ప్రభుత్వం తగలబెట్టే కథ వున్న '1984'. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-పుస్తకాల దుకాణాన్ని మూసివేసింది. దుకాణంతోపాటు, అందులో అంతకుముందు కొన్న పుస్తకాలు కూడా పాఠకుల యంత్రాలలో తెరుచుకోకుండా పోయాయి. వెల తిరిగి ఇచ్చారు. అంచుల్లో నోట్సు రాసుకున్నవారికి అదనంగా 25 డాలర్లు ఇచ్చారు. ఆబిడ్స్‌లో వొక పుస్తకాల కొట్టు మూతపడితే, ఆ కొట్లో పదేళ్ళుగా మనం కొన్న పుస్తకాలు ఆ రాత్రే మన అలమరలోంచి లేచిపోవడాన్ని వూహించుకోండి. 2025 ఫిబ్రవరిలో అమెజాన్, కొన్న పుస్తకం ఫైలును కంప్యూటరులోకి దించుకొని దాచుకునే పాత వెసులుబాటును కూడా తీసివేసింది.

తెలంగాణా పాఠకులకు యీ సంబంధం కొత్తది కాదు. జాగీర్ల కాలంలో దున్నేవాడు భూమిమీద వుండేవాడు, పండించేవాడు, శిస్తు కట్టేవాడు. కాని భూమి అతనిది కాదు. దొరకు తోచిన రోజున బేదఖలు అయ్యేవాడు. యేళ్ళ తరబడి సాగుచేసిన కౌలుదారుకు రక్షణ వుండాలని ఆనాడు ప్రజలు పోరాడారు. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టంలో 'రక్షిత కౌలుదారు' అనే మాట ఆ పోరాటం వెనుకనే వచ్చింది. డిజిటల్ పుస్తకం ముందు కూర్చున్న పాఠకుడు నేడు రక్షిత కౌలుదారు కూడా కాడు. అతను పూర్తి వెల చెల్లించిన ఆసామీ షిక్మీ. భూమికి అయితే కొరత సహజంగానే వున్నది. డిజిటల్ ప్రతికి అదీ లేదు. రెండవ ప్రతి తీయడానికి అయ్యే ఖర్చు ఇంచుమించు సున్న. సరుకుకు మారకపు విలువ నిలవాలంటే కొరత కావాలి. కాబట్టి కొరతను తయారుచేసే యంత్రం కావలసివచ్చింది. తాళం ఆ యంత్రం.

"చట్టం యేం చేస్తున్నది?" అని అడగవచ్చు. ఇక్కడ మన దేశపు సంగతి కొంత విచిత్రంగా వున్నది. 2012 సవరణ ద్వారా 65ఎ సెక్షను వచ్చింది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో తాళం పగలగొట్టినవారికి రెండేళ్ళదాకా జైలుశిక్ష, జరిమానా. కాని చట్టం స్పష్టంగా నిషేధించని పనికోసం తాళం తీయడం నేరం కాదని కూడా ఆ సెక్షనే చెబుతున్నది. తీసిపెట్టేవాడు మాత్రం, తీయించుకున్నవారి పేరూ చిరునామా రాసి వుంచుకోవాలి. 1998 నాటి అమెరికా చట్టంకంటే ఇది మెరుగు. అక్కడి గ్రంథాలయాలు తాళం తీసే మినహాయింపులకోసం మూడేళ్ళకొకసారి అర్జీ పెట్టుకోవలసి వుంటుంది. వికలాంగులు చదువుకోగల రూపంలోకి యే రచననైనా మార్చి వారికి ఇవ్వవచ్చునని కూడా ఆ 2012 సవరణే అనుమతించింది. అంధులకోసం 2013లో కుదిరిన మర్రకేష్ వొడంబడికను ప్రపంచంలో మొట్టమొదట ధ్రువీకరించిన దేశం మనది, 2014లో.

అంటే షాలిబండ విద్యార్థి పక్షాన చట్టం వున్నది, అంతర్జాతీయ వొడంబడిక వున్నది. అయినా అతను పుస్తకం చదవలేకపోయాడు. చట్టం 'తీయవచ్చు' అన్నదే గాని, కంపెనీని 'చెవి ఇవ్వు' అనలేదు. తాళం చట్టాన్ని చదవదు. ఇతను దొంగ, ఇతను గుడ్డివాడు, ఇతను ఉపాధ్యాయుడు అనే వివేచన దానికి లేదు. న్యాయస్థానంలో తప్పు జరిగిన తరువాత విచారణ వుంటుంది, వాదించుకునే అవకాశం వుంటుంది, తీర్పు మీద అప్పీలు వుంటుంది. తాళం అందరినీ ముందుగానే దోషులుగా యెంచి శిక్ష అమలుచేస్తుంది. నేను దీన్ని నైతిక సమస్య అంటున్నది యీ కారణంచేతనే. యేది న్యాయమైన వాడకమో, యేది దొంగతనమో నిర్ణయించే అధికారం సమాజం చేతిలోనుంచి అమ్మకందారు యంత్రంలోకి పోయింది. ఆ యంత్రాన్ని మనం యెన్నుకోలేదు, ప్రశ్నించనూ లేము.

ఇక గ్రంథాలయాల సంగతి. హైదరాబాదులో గ్రంథాలయం పాలకుల దయవల్లనే పెరిగినది కాదు. 1891లో స్థాపించిన ఆసఫియా గ్రంథాలయం ప్రభుత్వానిది. అఫ్జల్‌గంజ్‌లో మూసీ వొడ్డున వున్న నేటి రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం అదే. కాని 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయాన్ని నిలబెట్టినవారు ప్రజలు. కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు మొదలైనవారు తెలుగుకు రాజాదరణ లేని రాజ్యంలో తెలుగు పుస్తకానికి వొక నీడ కల్పించారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను ప్రారంభించిన వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకాల మూట మోసుకొని వూరూరా తిరిగాడు. వీరందరూ చేసిన పని వొక్కటే: చేతిలో వున్న ప్రతిని మరొక చేతికి అందించడం. అందించే హక్కు లేని పుస్తకంతో ఆళ్వారుస్వామి మూట కట్టగలిగేవాడా?

గ్రంథాలయానికి డబ్బు యెక్కడినుంచి రావాలన్న ప్రశ్నకు కూడా ఆ ఉద్యమం సమాధానం సాధించింది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు. యీ ఊరిలో ఇల్లు వున్న ప్రతివాడూ, చదివినా చదవకపోయినా, పుస్తకానికి తన వంతు ఇస్తున్నాడు. ఆ పైసలతో కొన్న పుస్తకం ప్రజల ఆస్తి. కాని ఆ పైసలతోనే తాళం వేసిన ఈ-పుస్తకానికి అనుమతి తీసుకుంటే ప్రజలకు మిగిలేది యేమిటి? 2011లో హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ, గ్రంథాలయాలకు ఇచ్చే తన ఈ-పుస్తకం 26 సార్లు అరువు వెళ్ళగానే గడువు తీరిపోవాలని నియమం పెట్టింది. ఇరవైయేడవ పాఠకుడికోసం మళ్ళీ కొనాలి. అచ్చుపుస్తకం అట్ట చిరిగినా గుమాస్తా జిగురు పెట్టి అతికిస్తాడు. యీ పుస్తకం చిరగకుండానే చస్తుంది.

మన దేశంలో కూడా ధోరణి అద్దెవైపే వున్నది. 2024 నవంబరులో కేంద్రప్రభుత్వం 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' అనే పథకాన్ని ఆమోదించింది. 30 ప్రచురణ సంస్థలకు చెందిన దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులోకి తెచ్చేందుకు మూడేళ్ళకు 6,000 కోట్ల రూపాయలు. చిన్న ఊళ్ళ విద్యార్థులకు ఇది మేలే, నేను కాదనను. కాని పేరులోనే వున్నది, ఇది చందా. చందా కట్టడం ఆపిన రోజున మన గ్రంథాలయాల అలమరలో యేయే సంపుటాలు మిగులుతాయో, ఆ వొప్పందాలను ప్రజల ముందు పెట్టి అడగవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.

దీనికి భిన్నమైన అనుభవం కూడా హైదరాబాదుకు వున్నది. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన రాజ్‌రెడ్డి చొరవతో, ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో పుస్తకాలను స్కాన్‌చేసే బృహత్ కార్యక్రమం మొదలయింది. మన దేశంలో అది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా అయింది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ దానికి వొక ముఖ్యకేంద్రం. అఫ్జల్‌గంజ్ గ్రంథాలయంలో పొడి అయిపోతున్న తెలుగు, ఉర్దూ పుస్తకాలు అట్లా వెలుగు చూశాయి. అందులో కాపీరైటు తీరని పుస్తకాలు కూడా కలిసిపోవడం లోపమే. కొన్నేళ్ళకు ఆ వెబ్‌సైటు మూతపడింది. కాని పుస్తకాలు పోలేదు. తాళం లేని ఫైళ్ళు కావడంవల్ల అప్పటికే ఇతరులు ప్రతులు తీసుకున్నారు. నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో లక్షల పుస్తకాలు దొరుకుతున్నాయి. మా ఎం.ఎ. విద్యార్థులు పరిశోధనకు వాడుతున్నవి అవే. మైక్రోసాఫ్ట్ దుకాణం మూతపడితే పుస్తకాలు చచ్చాయి. ప్రభుత్వ వెబ్‌సైటు మూతపడితే బతికాయి. తేడా తాళంలో వున్నది. తెలుగు సాహిత్యం మనదాకా వచ్చినది కూడా ఇట్లాగే. తాటాకు శిథిలమయ్యేలోగా యెవడో వొక లేఖకుడు మరొక ప్రతి రాశాడు. బ్రౌనుదొర కడపలో పండితులను కూర్చోబెట్టి చేయించిన పని అదే. ప్రతి తీయడం మన సాహిత్యానికి ప్రాణం.

ఇంతవరకు రాసి ఆగితే నేను సగం సత్యమే చెప్పినవాణ్ణవుతాను. రెండవ సగం నాకు వ్యక్తిగతంగా ఇబ్బంది కలిగించేది. నా స్నేహితుడు వొక కవి. ఛత్తాబజార్‌లో వొక ప్రెస్సులో సొంతడబ్బుతో ఐదువందల ప్రతులు వేయించాడు. నెల తిరక్కుండా ఆ పుస్తకం పిడిఎఫ్ రూపంలో వాట్సాప్ గుంపుల్లో తిరిగింది. దాన్ని ముందుకు పంపినవారిలో నేనూ వున్నాను. కవిత్వం నలుగురికీ చేరాలనే సదుద్దేశంతోనే పంపాను. తెలిసినతరువాత అతను కోప్పడలేదు. "నలుగురు చదివారంటే సంతోషమేరా. మిగిలిన మూడువందల ప్రతులూ మంచం కింద వున్నాయి. ప్రెస్సు బాకీ మాత్రం నువ్వు ఫార్వర్డ్ చెయ్యలేదు" అన్నాడు.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. రచన శ్రమ. శ్రమకు ప్రతిఫలం వుండాలని ఇతరుల విషయంలో వాదించే మనం రచయిత విషయంలో మాత్రం 'జ్ఞానం అందరిదీ' అని తప్పించుకోవడం నిజాయితీ కాదు. తాళాన్ని సమర్థించేవారి వాదంలో బలమున్న భాగం ఇదే. దాన్ని తేలికగా కొట్టివేయరాదు.

కాని తాళం నా స్నేహితుణ్ణి కాపాడుతుందా? అతని పుస్తకాన్ని యెవరో అచ్చుప్రతినుంచి ఫోటోలు తీశారు. యే తాళమూ దాన్ని ఆపదు. తాళం విప్పే నేర్పు వున్నవాడు వొక్కసారి విప్పి లోకానికి పంచుతాడు. విప్పడం తెలియని నిజాయితీపరుడు, డబ్బు కట్టినవాడు, చూపులేని విద్యార్థి, గ్రంథాలయ ఉద్యోగి, వీరే తాళం బయట మిగిలిపోతారు. అంతేకాక రచయిత హక్కుకు చట్టం వొక గడువు పెట్టింది. 1957లో అది మరణానంతరం 50 యేళ్ళు. 1992లో 60 చేశారు. ఆళ్వారుస్వామి 1961లో మరణించాడు. 2022 జనవరి 1 నుంచి ఆయన రచనలు జనం ఆస్తి. వొకప్పుడు మూసీ వొడ్డున సిటీకాలేజీలో పాఠాలు చెప్పిన మఖ్దూం మొహియుద్దీన్ 1969లో పోయాడు. ఆయన కవిత్వం 2030 జనవరి 1న మనదవుతుంది. కాని వాటిని యెవరైనా తాళం వేసి అమ్మితే, ఆ తేదీన తాళం తనంతట తాను వూడిపోదు. రచయితకు ఇచ్చిన హక్కుకు అంతం వున్నది. కంపెనీ వేసిన తాళానికి అంతం లేదు. కాబట్టి యీ రెండూ వొకటే అనే వాదం నిలవదు.

రచయిత కూలినీ పాఠకుడి హక్కునీ కలపగల చోటు గ్రంథాలయమే అని నా అభిప్రాయం. డెన్మార్క్ 1946లోనే వొక పద్ధతి ప్రారంభించింది. బ్రిటన్ 1979లో చట్టం చేసింది. గ్రంథాలయంనుంచి పుస్తకం అరువు వెళ్ళినందుకు ప్రభుత్వమే రచయితకు కొంత సొమ్ము ఇస్తుంది. పాఠకుడు యేమీ చెల్లించడు. మన దేశంలో అటువంటి హక్కు లేదు. రూపాయికి 8 పైసల సెస్సు వసూలుచేసే రాష్ట్రంలో అందులో కొంతభాగం తెలుగు, ఉర్దూ రచయితలకు యీ విధంగా చేరాలని కోరడం గొంతెమ్మకోరిక కాదు. రెండవది, 1954 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకమూ కలకత్తా జాతీయ గ్రంథాలయానికీ మరి మూడు గ్రంథాలయాలకూ చేరాలి. అచ్చులేకుండా పుట్టే ఈ-పుస్తకానికి ఆ నిర్వచనంలో చోటు లేదు. తాళం లేని వొక ప్రతి అట్లాగే చేరాలి. మూడవది, భద్రపరచడంకోసం డిజిటల్ ప్రతి వుంచుకోవడానికి ఇప్పటి చట్టం ప్రజాగ్రంథాలయాన్ని అనుమతిస్తున్నది గాని, దానివద్ద అచ్చుప్రతి వుంటేనే. యీ షరతు పోవాలి. ప్రజల డబ్బుతో కొన్న ప్రతి పుస్తకానికీ తాళంచెవి గ్రంథాలయం చేతికి రావాలి.

ఆ విద్యార్థికి నేను చెప్పవలసిన సమాధానం ఇప్పుడు చెప్పగలను. న్యాయంగా ఆ పుస్తకం మనదే కావాలి. నేటి యేర్పాటులో మనది కాదు. ఆ యేర్పాటు ప్రకృతి ధర్మం కాదు గనుక మార్చవచ్చు.

అతను మాత్రం నా సమాధానంకోసం ఆగలేదు. తరగతిలోని నలుగురు స్నేహితులు సాయంత్రాలు కూర్చుని, నా ఫోను ముందు పెట్టుకొని, వంతులవారీగా పుస్తకమంతా పైకి చదివారు. వారి గొంతులను అతను రికార్డు చేసుకున్నాడు. వొక గొంతులో ఉర్దూ యాస, వొక గొంతులో నల్గొండ యాస; సంస్కృత సమాసాల దగ్గర అందరూ తడబడ్డారు. హక్కుగా రావలసినది స్నేహంగా వచ్చింది. పరీక్షలు అయినతరువాత అతను స్టాఫ్‌రూంకు వచ్చి, "సార్, యీ రికార్డింగు మన లైబ్రరీల పెట్టొచ్చునా? వచ్చే యేడు నా అసొంటోళ్ళు ఇంకొకరు వస్తే అక్కరకొస్తది" అన్నాడు.

పెట్టవచ్చు. చూపులేనివారికోసం అయితే చట్టం వొప్పుకుంటుంది. మా గ్రంథాలయ అలమరలో ఇప్పుడది వున్నది. దానికి తాళం వేయలేదు.